మూడు తలకట్లు

జలీల్ భాయికి తెలుగు చదవడం రాదు, వెయ్యడం వచ్చు.
కలాసిపాళ్యంలో నలభై ఏళ్ళుగా
లారీల వెనకా, మందుల షాపుల మీదా
నాలుగు భాషలు వేస్తున్నాడు,
పువ్వు వేసినట్టే, పులిని వేసినట్టే.

మారతహళ్ళి వంతెన వెనక మా మెస్సుకి
రేకు బోర్డు తెచ్చి గోడకి ఆనించాడు.
పైన కన్నడం, పెద్దగా. అది ఇక్కడి పద్ధతి.
కింద తెలుగు, జానెడు చోటులో.
సుద్దముక్కతో గీసి "చూడమ్మా, సరేనా?" అన్నాడు.

చూశాను. నా పేరే. కానీ
ఎవరో నూనె రాసి అణిచి దువ్వినట్టు
ప్రతి తల మీదా అడ్డంగా ఒరిగిన గీత.
"భాయ్, ఇది కూడా కన్నడమే అయ్యింది."
"రెండూ ఒకటే కదమ్మా, అక్కాచెల్లెళ్ళు."
"అక్కాచెల్లెళ్ళే. కొప్పులు వేరు."

సుద్ద అందుకుని చూపించాను:
కిందికి కాస్త దిగి, ఒక్కసారిగా పైకి లేచే గీత.
గారలో, ఒకటో తరగతిలో
ముఖలింగం మాస్టారు పలక మీద పెట్టే రైటు గుర్తు.
చాన్నాళ్ళు అలాగే అనుకున్నాను నేను,
మన అక్షరాలకి పుట్టుకతోనే రైటు పడిపోతుందని,
తప్పు రాసినా
నెత్తిమీద మార్కు ముందే ఉంటుందని.
కూ, ర్మ, మ్మ.
మూడక్షరాలకి మూడు రైట్లు.
అయిదు దాకా చదివాను. అంతకన్నా ఎక్కువ పడలేదెప్పుడూ.

జలీల్ భాయి నవ్వి, తడిగుడ్డతో తుడిచి మళ్ళీ గీశాడు.
ఉర్దూలో చుక్కలు లెక్కపెట్టి వెయ్యాలట.
వాళ్ళ నాన్న కుంచె తోకతో వీపు మీద పొడిచి
ఒక్కో చుక్కా నేర్పాడట.

నాకు చుక్కల సంగతి తెలీదు, దీర్ఘం సంగతి తెలుసు.
ఆధార్ కార్డులో నా పేరు ఇంగ్లీషులోకి వెళ్ళి
కన్నడంలోకి దిగేసరికి
కొమ్ముదీర్ఘం కాస్తా ఉత్త కొమ్ము అయ్యింది.
ర కింద ఒదిగి ఉన్న మ
విడిపోయి పక్కకొచ్చి నిలబడింది.
కురమమ్మ.
బ్యాంకులో కళ్ళజోడు పిల్ల
రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి
"ఇద్దరు మనుషులమ్మా" అంది జాలిగా.
లోను ఏడు నెలలు ఆ రెండో ఆవిడ కోసం ఆగింది.
ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు.
నాలాగే తెల్లారగట్ల లేచి పప్పు కడుగుతుందేమో,
ఒక దీర్ఘం తక్కువగా.

రంగు ఆరుతుండగా కన్నడం వైపు చూశాను.
మ పక్కన కొక్కెం లాంటిదొకటి వేలాడుతోంది.
"అదేంటి భాయ్?"
"ర, అమ్మా. ముందు పలకాలి, వెనక రాయాలి."
వలపలగిలక!
మా ఊరి పాత దస్తావేజుల్లో ఉండేది.
"రాయక్కర్లేదు, గుర్తుపడితే చాలు" అనేవారు మాస్టారు.
పోయిందనుకున్న ఊరిమనిషి
మెజెస్టిక్ బస్టాండులో ఎదురుపడి
"బాగున్నావా" అన్నట్టయింది.
ఏం చెప్పను? బాగున్నానన్నాను.

సాయంత్రానికి బోర్డు ఎక్కింది. రాత్రి వానా పడింది.
ఏదీ కారలేదు. తలకట్లు మూడూ నిలిచాయి.

తీరా చూస్తే, బోర్డు ఎవరూ చదవరు.
సెంట్రింగ్ పనివాళ్ళు, హాస్టలు కుర్రాళ్ళు,
డ్యూటీ దిగిన క్యాబు డ్రైవర్లు
చేతులు కడుక్కుని కూర్చుని
"అమ్మా" అంటారు, అంతే.
అందులో తలకట్టు ఉండదు.
దాన్ని లేపి దీర్ఘం కూర్చుంటుంది ఆ చోట్లో.
రెండు మాత్రలని బళ్ళో చెప్పారు.
నేను గరిటె పట్టుకుని వింటాను, ఎవరు ఎంత లాగుతారో.

వాచ్‌మన్ దాలినాయుడు నిన్న రాత్రి నాలుగు లాగాడు.
టోకెన్ అడగలేదు.
అన్నం పెట్టేశాను.